ముందు చక్రం లోపలివైపు

"ఆ మరక ఇంకా పోలేదేంటి?" అన్నాడు భర్త, బూటు లేసు కట్టుకుంటూ. అతను అడిగింది నూనె కారుస్తున్న జీపు గురించి కాదు, దాని కింద నల్లబడిన గచ్చు గురించి.

వానలు మొదలైనప్పటి నుంచి ఆ పాత జీపు ముందు చక్రం లోపలివైపు జిడ్డు కారుతూనే ఉంది. రంపప్పొట్టు చల్లి ఎత్తడం, సబ్బుపొడి వేసి రుద్దడం ఆమె పని. బాగు చేయిద్దామంటే, "మా నాన్న బండి. ఎవడు పడితే వాడు చెయ్యి పెడితే ఊరుకోను. తీరిక దొరకనీ, నేనే చేస్తా" అనేవాడు. తీరిక దొరికిన ఆదివారమల్లా స్నేహితులతో గుట్టలెక్కించి, బురద పూయించుకుని తెచ్చేవాడు. ఆ బురద కడగడానికి ఎవరి తీరికా అక్కర్లేదు, ఆమె ఉంది.

ఈమధ్య ఆమెకి ఒకచోట కాలు నిలవడం లేదు. పాలు పొయ్యి మీద పెట్టి వాకిట్లోకొస్తుంది, ఎందుకొచ్చిందో గుర్తుండదు. పళ్ల ఆసుపత్రిలో డాక్టరు చెయ్యి చాచేలోపే పరికరం అందించడం ఆమె ఉద్యోగం. నొప్పి తగ్గినవాళ్లు ఆమె భుజం మీదుగా డాక్టరుకి దండం పెట్టి వెళ్తారు. "నీకేం, కూర్చుని చేసే ఉద్యోగం" అంటాడు భర్త. పొద్దస్తమానం నిలబడే చేస్తానని ఇన్నేళ్లలో ఆమె చెప్పలేదు, అతను అడగనూ లేదు. ఏదో విప్పాలని ఉంది ఆమెకి. ఏం విప్పాలో తెలియక అల్మరాలు సర్దుతోంది.

మొన్న ఆ చక్రం వెనక వేలు పెట్టి చూస్తే, జిడ్డు బ్రేకు అంచుదాకా వచ్చేసింది. వచ్చే ఆదివారం కూతుర్ని కొండమీదికి తీసుకెళ్తానని మాటిచ్చాడాయన. "బ్రేకులోకి దిగితే ఎలాగండీ?" అంటే, "నీకెందుకవన్నీ? పిల్లని భయపెట్టకు" అన్నాడు.

అతను ఆఫీసు పని మీద ఊరెళ్లాడు. ఆమె ఆసుపత్రికి సెలవు పెట్టి, మావగారి స్పానర్ల పెట్టె దింపింది. జీపు తయారీవాళ్ల పాత పుస్తకం బొమ్మలు చూసుకుంటూ జాకీతో బండి ఎత్తి, చెక్కదిమ్మలు పెట్టి, చక్రం విప్పింది. బోల్టు రాకపోతే స్పానరు మీద నిలబడింది. అది కదిలినప్పుడు వచ్చిన కిర్రుమన్న శబ్దం వెన్నులోకి దిగి, ఎందుకో నవ్వొచ్చింది.

"ఏమ్మాయ్, ఆ మకిలి నీకెందుకు?" అంది అత్తగారు గుమ్మంలోంచి.

"టార్చి పట్టుకోండి అత్తయ్యా, కనబడట్లేదు."

గొణుక్కుంటూనే వచ్చి పట్టుకుంది పెద్దావిడ. కాసేపటికి, "ఇంకాస్త ఎడమకి పెట్టనా?" అని తనే అడిగింది.

ఇరుసు కడ్డీ బయటికి లాగాక కనబడింది అసలు సంగతి. నూనెని ఆపే రబ్బరు సీలు ఎండి, పెదవి పగిలినట్టు పగిలిపోయింది. దాన్ని కవర్లో వేసుకుని దుకాణానికెళ్తే, "సార్‌ని రమ్మనండమ్మా, మీకు తెలీదు" అన్నాడు దుకాణదారు.

"సార్‌కీ తెలీదు" అని సీలు బల్ల మీద పెట్టింది. "ఇలాంటిదే ఇవ్వండి."

కొత్త సీలుకి నూనె రాసి, చుట్టూ సమంగా, ఒకవైపు ఒరగకుండా, మెల్లగా తట్టి కూర్చోబెట్టింది. అన్నీ బిగించి, కొత్త నూనె పోసి, కింద పాత పేపరు పరిచింది. రెండు రోజులైనా దాని మీద చుక్క పడలేదు.

భర్త తిరిగొచ్చాక అత్తగారే చెప్పింది. "అవునా? పర్లేదే!" అని నవ్వి, కాఫీ అడిగాడు.

ఆదివారం స్నేహితుడొచ్చాడు. అతనికీ అలాంటి జీపే ఉంది. వంగి చూసి, "అరె, కారడం ఆగిపోయిందే! ఎవరు చేశారు?" అన్నాడు.

"ఇంకెవరు, మనమే" అన్నాడు భర్త. "మన బండికి మన చెయ్యే పడాలి."

"పాత సీలు ఎలా ఊడదీశావు? నాది రాక చస్తున్నా."

భర్త ఆమె వైపు తిరిగాడు. ఆ చూపు ఆమెకి కొత్త కాదు. చుట్టం పేరు గుర్తురానప్పుడు, కూతురు ఏ క్లాసో తెలియనప్పుడు అలాగే చూస్తాడు. ఆమె మెల్లగా అందిస్తుంది, అతను పైకి చెబుతాడు. ఇప్పుడూ జవాబు నాలుక చివరిదాకా వచ్చింది. ఆమె కాఫీ గుటక వేసింది.

"అదీ... దానికో పద్ధతుంది..." అన్నాడు భర్త.

"చెప్పు నాన్నా, విందాం" అంది అత్తగారు గుమ్మంలోంచి.

అతను బూటుతో గచ్చు గీకాడు. స్నేహితుడు ఒకసారి అతన్నీ, ఒకసారి ఆమెనీ చూశాడు.

ఆమె కప్పు కింద పెట్టి భర్త ముందుకొచ్చి, చెయ్యి చాచింది.

"తాళాలివ్వండి. సీలు వేసిన మనిషే ముందు నడిపి చూడాలి. బ్రేకు సరిగ్గా పడుతోందని నాకు నమ్మకం కుదిరితేనే పిల్ల ఎక్కుతుంది."