పాట ఆపితే లేస్తుంది

మామగారి పక్క మార్చడం ఒక విద్య. మనిషిని ఓ వైపుకు దొర్లించి, తడిసిన దుప్పటి సగం చుట్టి, ఆరినది సగం పరిచి, మళ్ళీ ఇటు దొర్లించాలి. పక్షవాతంతో ఆయన మంచాన పడ్డాక కోడలు ఈ విద్యలో ఎంత ఆరితేరిందంటే, నిద్రలోనూ చేయగలదు. చేస్తోంది కూడా. మొన్న పాలు తాగిస్తూ, చెంచా ఆయన నోట్లో ఉండగానే కునికింది. పొలమారి ముసలాయన మొహం నీలమైతే గానీ ఆమెకు మెలకువ రాలేదు.

"కాస్త ఒళ్ళు దగ్గర పెట్టుకుని చెయ్యి," అన్నాడు భర్త. రాత్రిళ్ళు చూసుకోవడానికి ఒక మనిషిని పెట్టుకుందామంటే, "పరాయివాళ్ళు ముట్టుకుంటే నాన్న ఒప్పుకోరు," అంటాడు. నాన్నకు మాట పడిపోయి చాలాకాలమైంది. ఆ ఒప్పుకోకపోవడం కొడుక్కి ఎలా వినిపిస్తుందో మరి! ఆడపడుచు మాత్రం ఫోన్లో, "నువ్వు దేవతవి వదినా," అంటుంది. దేవతలు రెప్ప వెయ్యరు కదా, అందుకే కాబోలు ఆ బిరుదు.

ఆ వీధి ఆడవాళ్ళు నలుగురు, టైలరమ్మ, టీచరమ్మ, ఇంకో ఇద్దరు, ఆదివారం పూట ఎవరో ఒకరింట్లో చేరి ప్రార్థన చేసుకుంటారు. ఈమెకు గడప దాటే వీల్లేదు కనుక వాళ్ళే ఇక్కడికి రావడం మొదలుపెట్టారు. భర్త అడ్డు చెప్పలేదు. దేవుడికి జీతం ఇవ్వక్కర్లేదు మరి. అందరూ మామగారి ఆరోగ్యం కోరేవారు. ఆమె మాత్రం కళ్ళు మూసుకుని, 'ఆయన్నో నన్నో, నీ ఇష్టం, ఎవరో ఒకర్ని తొందరగా తీసుకుపో' అనేది. ఈ మధ్య 'ఆయన్నో' అనడం మానేసింది.

ఒక ఆదివారం మొదటి పాట సగంలోనే గోడకు జారగిలబడి నిద్రపోయింది. లేచేసరికి ఒంటిమీద టైలరమ్మ శాలువా ఉంది. ఇంకా అదే పాట నడుస్తోంది, గొంతులు బొంగురుపోయాయి. పాట ఆగినప్పుడల్లా ఆమె ఉలిక్కిపడుతోందట, అందుకని ఆపలేదు. మధ్యలో వంతులవారీగా వెళ్ళి ముసలాయనకు మందులు కూడా వేసి వచ్చారు.

"అయ్యో, దేవుడి ముందు నిద్రపోయాను," అంది సిగ్గుతో.

"ఆయన ముందు పడుకోక మీ ఆయన ముందు పడుకుంటావా? లేపి టీ అడుగుతాడు," అంది రిటైరైన టీచరమ్మ.

"మరి నా ప్రార్థన?"

టైలరమ్మ గొంతు తగ్గించింది. "నువ్వేం అడుగుతున్నావో నీ మొహం చూస్తే తెలియదూ? మా అత్త మంచాన పడ్డప్పుడు నేనూ అదే అడిగాను. ఇక నువ్వేం అడక్కు. నీ సంగతి దేవుడితో మేం మాట్లాడుకుంటాం. నువ్వు పడుకో."

మరుసటి ఆదివారం చాప వేశారు, దిండు కూడా ఇచ్చారు. తలుపు దగ్గరగా వేశారు. ఆమె పడుకుంది. వాళ్ళు పాడారు.

కాసేపటికి తలుపు కిర్రుమంది.

"ఇదేం ప్రార్థన?" భర్త గొంతు. "నాన్న ఒకటే దగ్గుతున్నారు. లేపండి."

"లేపాల్సింది ఈమెను కాదు బాబూ, ఆయన్ని," అంది టీచరమ్మ. "వీపు కింద చెయ్యేసి లేపి కూర్చోబెట్టు, సర్దుకుంటుంది."

"నాకవన్నీ చేతకావు."

"ఈ అమ్మాయికి మాత్రం పుట్టుకతో వచ్చిందా?"

నిజానికి తలుపు కిర్రుమన్నప్పుడే ఆమెకు మెలకువ వచ్చింది. గోడ అవతల దగ్గు తెరలు తెరలుగా వస్తోంది. అలవాటు కొద్దీ ఆమె చెయ్యి లేవడానికి నేల తడిమింది. అంతలో ఎవరిదో వేడి అరచెయ్యి ఆ చేతిమీద పడింది. ఊరికే పడింది, నొక్కలేదు. లేవాలంటే లేవొచ్చు.

పాట మళ్ళీ మొదటినుంచి అందుకున్నారు.

గుమ్మంలో అతను ఇంకా కదల్లేదు. దగ్గు ఆగడం లేదు.

ఆమె కళ్ళు తెరవలేదు.