గోళ్ళరంగు చుక్క

చిన్నకోడలు గున్న ముందు చాప పరుచుకుని, స్క్రూడ్రైవరు చేతిలోకి తీసుకుని, పని మొదలుపెట్టే ముందు మనసారా తిట్టుకుంది. మెషిన్ని కాదు, దాన్ని ఈ గతికి తెచ్చిన తోడికోడల్ని.

గున్న అంటే కాఫీ గింజలు వేయించే మెషిను. జీవితమంతా లేతు మీద పనిచేసిన చిన్నకోడలి నాన్న, రిటైరయ్యాక తన చేత్తోనే డ్రమ్ము చుట్టి, మోటారు బిగించి, వెనక పొగగొట్టం తగిలించి కూతురికిచ్చాడు. గొట్టం తొండంలా ఉందని ఆ పేరు పెట్టింది కూడా ఆయనే. ఆయన పోయాక ఆమెకు మిగిలింది ఆ పేరూ, ఆ మెషినూ.

ఆ మెషిను కూడా మిగల్లేదు. అందరూ ఒకే ఇంట్లో ఉన్నన్నాళ్ళూ గున్న వెనక గదిలో తిరిగింది. చిన్నకోడలు వేయించేది, వీధంతా వచ్చి కొనుక్కుపోయేది. వేరు కాపురానికి సామాన్లు బండికెక్కిస్తున్న రోజున పెద్దకోడలు గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"అది ఇంటి మెషిను. ఇంటి గ్యాసుతో కాలింది, ఇంటి కరెంటుతో తిరిగింది. గడప దాటదు."

బావగారు పేపరు చాటున దాక్కున్నాడు. అత్తగారు ఏదో అనబోతే పెద్దకోడలు ఆవిణ్ణి చూపుతోనే కూర్చోబెట్టింది. సొంత మొగుడేమో "పోనీలేవే, పాత ఇనుము" అన్నాడు. ఆ మాటకు అతగాడు ఇప్పటికీ శిక్ష అనుభవిస్తూనే ఉన్నాడు, అది వేరే సంగతి.

అక్కడితో ఆగినా చిన్నకోడలు ఎలాగో మింగేసేదేమో. కానీ ఆ తర్వాత కొనడానికి వచ్చినవాళ్ళతో పెద్దకోడలు అన్న మాటొకటి నాలుగిళ్ళు తిరిగి ఆమె చెవిన పడింది. "మా తోడికోడలా? తను పొట్టు ఊడ్చేదండీ. వేయించడమంతా నా చెయ్యే."

పొట్టు ఊడ్చేదట! గింజలు వేగేటప్పుడు రాలే పొట్టును ఊడ్చిందట! ఆ రోజు చిన్నకోడలికి అన్నం సయించలేదు. ఎలాగైనా గున్నను తెచ్చుకోవాలి, ఆ మాటను ఆవిడ నోటితోనే కక్కించాలి. ఈ రెండూ తప్ప ఆమెకు వేరే ఆలోచన లేకుండా పోయింది.

అలాంటిది నిన్న పెద్దకోడలే ఫోను చేసింది, గొంతులో తేనె కలుపుకుని.

"చెల్లీ, రేపు కాదు ఎల్లుండి ఒక కేఫ్ యజమాని వస్తున్నాడే. ఆయనకి బోలెడు షాపులు. కళ్ళ ముందు వేయించి చూపించాలట, తాగి చూస్తాడట. ఇదేమో గదంతా పొగ చిమ్ముతోంది. దీని నట్టునట్టూ నీకు తెలుసు కదా, కాస్త శుభ్రం చేసిపెట్టు. ఎంతైనా మీ నాన్న చేతిది!"

అవసరం పడితే గానీ నాన్న గుర్తుకురాలేదు చూశారా. "వస్తానక్కా" అంది చిన్నకోడలు, పళ్ళు నూరుకుంటూ.

పొగగొట్టం విప్పి ఆమె లోపలికి తొంగిచూసింది. లోపల పొట్టు అట్టలు కట్టి, వేలు దూరే సందు లేకుండా బిగుసుకుపోయింది. ఒక పక్క నల్లగా కమిలి ఉంది. ఒక్క నిప్పురవ్వ ఎగిరితే చాలు, గొట్టమంతా అంటుకునేది. గోడకు అవతల అత్తగారి మంచం.

పైపైన తుడిచేసి వెళ్ళిపోతే? అంటుకోనీ, ఆవిడ గొప్పలన్నీ బూడిద కానీ. చిన్నకోడలు నిజంగానే అలా అనుకుంది, అనుకుని కాసేపు సుఖపడింది కూడా. కానీ కాలేది ముందు గున్న, తర్వాత గోడ అవతలి ముసలావిడ. పెద్దకోడలికి జుట్టు కూడా చెదరదు. ఇదేం పగ అని తనను తనే కసురుకుని, పొడుగు బ్రష్షును గొట్టంలోకి దోపింది.

ఊడ్చిన కొద్దీ పొట్టు వచ్చింది. గోనెసంచి నిండింది. ఫ్యాను రెక్కలకు తారులా పట్టిన జిడ్డును వేడి సోడానీళ్ళలో నానబెట్టి చెక్క గరిటెతో గీకింది. గింజలు చల్లార్చే పళ్ళెం చిల్లుల్లో పొట్టు ఇరుక్కుంటే సూదితో పొడిచింది. డ్రమ్ము వెనక బేరింగులో ఎండిపోయిన గ్రీజు తీసి కొత్తది పెట్టింది. చేత్తో తిప్పితే డ్రమ్ము చప్పుడు లేకుండా తిరిగింది. నాన్న ఉంటే తల ఊపేవాడు.

ఆఖరున వేడి చూపించే గడియారం దగ్గరికొచ్చింది. దాని వెనకుండే కడ్డీ డ్రమ్ములోకి దిగి గింజల్లో మునిగి ఉంటుంది. గింజల వేడి కడ్డీకి తగిలితే గడియారంలో ముల్లు కదులుతుంది. కడ్డీని బయటికి లాగితే, దానిమీద వేలు మందాన నల్లటి పెంకు. గడియారం అద్దం మీదేమో ఎర్ర చుక్క. పెద్దకోడలి గోళ్ళరంగు!

చిన్నకోడలికి మొత్తం అర్థమైపోయింది. వేగిన గింజ చిటుక్కుమని చిట్లుతుంది, ఆ చప్పుడు వినడం ఆవిడకు చేతకాదు. ఎన్ని గింజలు మాడ్చాక దొరికిందో గానీ, ముల్లు ఏ చోటికొస్తే గింజలు బాగుంటున్నాయో అక్కడ చుక్క పెట్టుకుంది. ముల్లు చుక్క తాకితే డ్రమ్ము తలుపు తీసి గింజలు దింపెయ్యడం, అంతే ఆవిడ విద్య. కానీ పెంకు పట్టిన కడ్డీకి వేడి ఆలస్యంగా తగులుతుంది. ముల్లు చుక్కకు చేరేసరికి గింజలు సరిగ్గా వేగి ఉండేవి. కడ్డీ శుభ్రమైతే ముల్లు పరుగెడుతుంది. గింజలింకా పచ్చిగా ఉండగానే చుక్క తాకుతుంది.

చిన్నకోడలు ఇనుప పీచు తీసుకుని కడ్డీ తళతళలాడేదాకా రుద్దింది. అంత ఇష్టంగా ఆమె ఏ పనీ చేసి ఉండదు. అద్దాన్ని మెత్తటి గుడ్డతో తుడిచింది. చుక్క మీద మాత్రం ఈగ వాలనివ్వలేదు.

పెద్దకోడలు వచ్చి గున్న చుట్టూ తిరిగి చూసింది. "అబ్బో, మెరిసిపోతోందే! ఇంకేమైనా చూసుకోవాలా చెల్లీ?"

"ఏం లేదక్కా. నీకు తెలియనిదేముంది."

మర్నాడు కేఫ్ యజమాని వచ్చాడు. మనిషి పెద్దగా మాట్లాడడు, అన్నీ వాసన చూస్తాడు. అత్తగారు కుర్చీలో, బావగారు గోడవారన. కప్పులు కడగడానికని పెద్దకోడలు చిన్నకోడల్ని కూడా పిలిచింది. ఆమె రానంటుందా?

గింజలు డ్రమ్ములో పడ్డాయి. పెద్దకోడలు తన చేతి నేర్పు గురించి ఆయనకు చెబుతూనే ఉంది. ముల్లు చకచకా లేచి చుక్కను తాకింది. ఒక్క గింజ చిట్లలేదు. ఆవిడ ధీమాగా తలుపు తీసింది. పళ్ళెంలోకి దూకినవి ఎండుగడ్డి రంగు గింజలు.

ఆయన ఒకటి కొరికి మొహం చిట్లించాడు. "ఇది పచ్చిగా ఉందండీ."

"ఇదిగో, ఇంకోసారి..." అని పెద్దకోడలు మళ్ళీ వేసింది. ఈసారి భయంతో చుక్క దాటనిచ్చింది. ఎంతసేపు దాటనివ్వాలో తెలిస్తే కదా, బొగ్గులు దింపింది. గదంతా మాడువాసన. ఆయన చేతిగడియారం చూసుకున్నాడు.

పెద్దకోడలు కప్పుల దగ్గరికి దూసుకొచ్చి గొంతు తగ్గించింది. "ఏం చేశావే మెషిన్ని?"

"పొట్టు ఊడ్చానక్కా."

ఆవిడ మొహం మాడిన గింజలతో పోటీపడింది. జాలిపడాల్సిన పనేం లేదు, చిన్నకోడలు కూడా పడలేదు.

"నేను వేయిస్తాను. కానీ సాయంత్రం గున్న నాతో వస్తుంది."

"ముందు వేయించు, తర్వాత చూద్దాం."

"ముందు మాట. అత్తయ్య వినేలా."

కేఫ్ యజమాని సంచీ భుజానికి తగిలించుకున్నాడు. అది చూసి పెద్దకోడలు కక్కలేక మింగలేక, "సరే, పట్టుకుపో" అంది.

"నేను విన్నాను" అంది అత్తగారు, కుర్చీలోంచి గట్టిగా.

"కాసేపు ఎవరూ మాట్లాడకండి" అని చిన్నకోడలు డ్రమ్ము పక్కన చెవి ఒగ్గి నిలబడింది. ముల్లు చుక్కను తాకింది, దాటింది. ఆమె అటు చూడనైనా లేదు. చిటుక్కుమని ఒకటి, తర్వాత చిటపటమని పది. అవి సద్దుమణిగే వేళ తలుపు తీసింది. గదిలో వాసన మారిపోయింది.

ఆయన తాగాడు. కప్పు ఖాళీ చేసి ఇంకోటి అడిగాడు. "ఎవరిదండీ ఈ చెయ్యి?"

చిన్నకోడలు కప్పు తుడుస్తూ తోడికోడలి కళ్ళలోకే చూస్తూ నిలబడింది, ఎంతసేపైనా నిలబడేలా.

"మా... చెల్లిదండీ" అంది పెద్దకోడలు. "ముందునుంచీ తనదే."

సాయంత్రం బావగారే గున్నను మోసి బండెక్కించాడు. దగ్గరుండి తాళ్ళు కట్టింది 'పాత ఇనుము' అన్న పెద్దమనిషి.

ఆ చుక్కను గోటితో గీకితే ఊడిపోతుంది. చిన్నకోడలు ఊడదియ్యలేదు. గింజలు వేయించే ప్రతిసారీ ముల్లు దాన్ని తొక్కుకుంటూ ముందుకు పోవడం ఆమె కళ్ళారా చూస్తుంది. చూసిన ప్రతిసారీ ఆమెకు కడుపు చల్లబడుతుంది.