దండాసి మారకం

దండాసి మోకాలి మీది ఎర్రమరక ఎంత తుడిచినా పోలేదు. ఆట మొదలవడానికి అరగంట కూడా లేదు.

పెళ్ళయి నలభై రోజులైన కోటేశ్వరి తడిగుడ్డతో మొగుడి ముందు చతికిలబడింది. గురువారం సాధనలో అతని కుడి మోకాలు మెలిపడితే, అత్తగారు తాయారమ్మ పసుపూ సున్నమూ కలిపి వేడివేడిగా పట్టు వేసింది. వాపు సగం తీసింది కానీ చర్మం గోరింటాకులా పండిపోయింది.

దండాసి రంగూన్‌లో చిమిండైంగ్ పేటలోని బియ్యం మిల్లు తరఫున బాస్కెట్‌బాల్ ఆడతాడు. టైర్ల ఫ్యాక్టరీ జట్టు అతన్ని తీసుకుని, బదులుగా ఇద్దరు ఆటగాళ్ళను ఇస్తానంటోంది. మిలటరీవాళ్ళు మిల్లులన్నీ సర్కారు పరం చేశాక రంగూన్‌లో ఆటగాడు జట్టు మారితే ఉద్యోగమూ మారుతుంది. టైర్ల ఫ్యాక్టరీ అయితే క్వార్టర్సులో ఒక గది కూడా ఇస్తుంది. తొమ్మిదిమంది ఉన్న ఇంట్లో దుప్పటి చాటున కాపురం చేస్తున్న కోటేశ్వరి, చూడని ఆ గదికి అప్పుడే కిటికీ తెరల రంగు కూడా ఎంచుకుంది.

ఈ బేరం కోసం మిల్లు జట్టు మేనేజరు బంగారురాజు ఐదు వారాలుగా దండాసి విలువ పెంచుకుంటూ వచ్చాడు. మొదట్లో ఆడించడు. అవతలివాళ్ళు అలిసిపోయాక చివరి ఎనిమిది నిమిషాలకు దింపి, బంతి అతనికే అందించమంటాడు. ఎనిమిది నిమిషాల్లోనే ఇన్ని బుట్టలు వేసేవాడు ఆట మొత్తం ఆడితే ఎలా ఉంటుందోనని చూసేవాళ్ళు నోరెళ్ళబెట్టాలి. అదీ అతని ఎత్తు.

బంగారురాజు వచ్చి మోకాలు చూశాడు. ఆ మరక ఫ్యాక్టరీవాళ్ళ కంట పడితే బేరం పోయినట్టే. మళ్ళీ పట్టు వేయడానికి కోటేశ్వరి తెచ్చిన పసుపు పొట్లం లాక్కుని, దండాసి రెండు మోకాళ్ళకూ మోచేతులకూ చీలమండలకూ పులిమేశాడు.

"ఎవులైనా అడిగితే కొత్త పెళ్ళికొడుక్కి మా ఆచారమని సెప్పమ్మా. మోకాలి మాట ఎత్తకు."

భయంలోనూ ఆమెకు నవ్వొచ్చింది. మొగుడు మళ్ళీ పెళ్ళిపీటల మీదికి వెళ్తున్నట్టున్నాడు, చెవులు కూడా అప్పటిలాగే ఎర్రబడ్డాయి.

ఫ్యాక్టరీ కోచ్ ఊ బా థెయిన్, బర్మా పెద్దాయన, గొడుగు చంకన పెట్టుకుని వచ్చి ఆమె పక్కనే కూర్చున్నాడు. ఆ పసుపేమిటని అడిగాడు. పెళ్ళి ఆచారమని కోటేశ్వరి చక్కని బర్మా భాషలో చెప్పింది. ఆయన తలూపి, బంగారురాజును పిలిచాడు. ఎనిమిది నిమిషాల ఆట ఐదుసార్లు చూశాననీ, ఈరోజు మొదటి నుంచి చివరిదాకా ఆడిస్తేనే మారకమనీ చెప్పాడు. బంగారురాజుకు ఒప్పుకోక తప్పలేదు.

ఈల మోగింది.

మొదటి పది నిమిషాలు దండాసి గాలిలో తేలినట్టే ఆడాడు. బంతి వల లోంచి సర్రున జారిన ప్రతిసారీ కోటేశ్వరి ఒళ్ళు పులకరించింది. తర్వాత ఆమె బంతిని చూడటం మానేసి కాళ్ళను చూడసాగింది. ఎగిరిన ప్రతిసారీ ఎడమకాలి మీదే దిగుతున్నాడు. ఒకసారి కుడికాలు నేలకు తాకగానే పెదవి కొరుక్కున్నాడు. ఆమె పిడికిట్లో చీర కుచ్చెళ్ళు నలిగిపోయాయి.

సగం ఆట అయ్యాక ఆమె పరుగున వెళ్ళింది. దండాసి తువ్వాలు ముఖం మీద కప్పుకుని కూర్చున్నాడు. మోకాలు అప్పటికే కొబ్బరిబోండాంలా ఉంది.

"ఇక సాలు, దిగొద్దు," అందామె.

"ఇరవై నిమిషాలేనే. నీకు గది కావాలా, వద్దా?"

కావాలి. ఎంత కావాలో అతనికీ తెలుసు. ఆమె వెనక్కి వచ్చి ఊ బా థెయిన్ పక్కన కూర్చుంది. బర్మావాళ్ళ వరసలో బాబాయ్ అని పిలిచింది.

"ఊలే, ఆ పసుపు ఆచారం కాదు. ఆయన మోకాలు మెలిపడింది. ఇంకో సగం ఆడితే జన్మలో ఆడలేడు."

పెద్దాయన, మోకాలు పోయినవాడికి ఇద్దరిని ఇవ్వడం దండగ అన్నాడు. కోటేశ్వరి తల దించుకుంది.

"ఒక్కడినే ఇస్తాను. ఆ ఇద్దరిలో మా పొడుగువాడిని. వాడి భుజం కిందటి వానల నుంచీ లేవడం లేదు. మీ మేనేజరు అడగలేదు, నేను చెప్పలేదు. తడింజుట్ దీపాల పండుగకల్లా ఇద్దరూ కోలుకోవాలి. అప్పుడు వీడు ఎగిరి చూపించాలి, వాడు చెయ్యెత్తి చూపించాలి, అప్పుడే మారకం. మీవాడిని ఈ పూట కూర్చోబెట్టమను."

కోటేశ్వరి వెళ్ళి ఆ మాట చెప్పగానే బంగారురాజు ముందు ఆమెను తినేసేలా చూశాడు. పొడుగువాడి భుజం సంగతి విన్నాక ఆ కోపం ఊ బా థెయిన్ మీదికి తిరిగింది.

"ముసిలోడు నాకే అంటగట్టబోయినాడా!" అంటూ దండాసి బదులు ఇంకొకడిని దింపాడు.

రెండో సగం మొదలైంది. దండాసి బల్ల మీద బిర్రబిగుసుకుని కూర్చున్నాడు. ఆమె వెళ్ళి పక్కన కూర్చున్నా తల తిప్పలేదు.

"ఏటి సెప్పినావు ఆయనకి?"

"ఉన్నది సెప్పాను."

"గది?"

"మీ కాలు మానితే."

అవతలి జట్టు వరసగా మూడు బుట్టలు వేసింది. అప్పుడు దండాసి మెల్లగా, ఎవరూ చూడకుండా, కుడికాలు ముందుకు చాపుకున్నాడు.

"నెప్పెడతంది," అన్నాడు. గురువారం నుంచి ఆ మాట అనడం అదే మొదలు.