వీపులకు పోయిన పది మార్కులు

పాటల పోటీలో మీ ఊరు ఎందుకు ఓడిపోయిందని ఎవరైనా అడిగితే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. 1974 నుంచి 1981 దాకా వరసగా ఎనిమిదిసార్లు ఓడిపోయింది. మొదటి ఏడుసార్లు ఎందుకు ఓడిపోయిందో నా నోట్‌బుక్కులో రాసి ఉంది. ఎనిమిదోసారి నా వల్ల ఓడిపోయింది.

మాది నల్లమాడ దగ్గర జువ్విగుట్టపల్లి. శనక్కాయ పండితే ఇంటిపట్టున ఉంటాం, పండకపోతే బెంగళూరు బస్సెక్కుతాం. మా ఊళ్లో చెక్కభజన జట్టు ఉండేది. పద్నాలుగు మంది మగవాళ్లు కాళ్లకు గజ్జెలు కట్టుకుని, చేతుల్లో చెక్కలు వాయిస్తూ, మధ్యలో దీపపు సెమ్మె పెట్టుకుని దాని చుట్టూ గుండ్రంగా ఆడుతూ పాడేవారు. గురువు హుస్సేన్ పీరా. పగలు కుట్టుమిషన్ మీద ఊరందరికీ రవికలూ చొక్కాలూ కుట్టేవాడు, కుడుతూనే రాముడి మీద పాటలు కట్టేవాడు. మా నాయన చౌడప్ప ఆయన పక్కన డోలక్ వాయించేవాడు. నా తమ్ముడు జయరాముడు జట్టులో ఆటగాడు. నేను ఊరి బళ్లో టీచర్ని. ఆడదాన్ని కాబట్టి గుండ్రంలోకి నాకు ప్రవేశం లేదు. బయట కూర్చుని తప్పులు పట్టేదాన్ని. ఆ విద్య నాకు ఎవరూ నేర్పకుండానే అబ్బింది.

పోటీ ఏటా ఉగాది మరుసటి ఆదివారం, నల్లమాడలో యువజన సంఘం వాళ్లు పెట్టేవారు. పలకలు పరిచిన స్టేజీ, దాని ముందు కుర్చీల్లో ముగ్గురు జడ్జీలు. పాటకు యాభై మార్కులు, ఆటకు యాభై. గెలిచిన జట్టును సంఘం వాళ్లు కడప రేడియోకు తీసుకుపోయి పాట రికార్డు చేయిస్తారు. ఆ సంఘం కార్యదర్శి సుబ్బన్న సారు మా పక్కూరి హెడ్మాస్టరు. పోటీ అయిన సోమవారం ఆయన ముందు కూర్చుని, మార్కుల కాగితం ఇచ్చేదాకా కదిలేదాన్ని కాదు. నా పీడ వదిలించుకోవడానికి ఇచ్చేవాడు పాపం.

1974లో మావాళ్లు పాడింది సీతమ్మ దాహం పాట.

కాలవెండిపాయె రామా, కడవెండిపాయె రామా
గుక్కెడు నీళ్లు యాడ తెస్తివి

ఆ పాటలో రాముడు బాణం వేసి గంగను రప్పించడు. మోకాళ్ల మీద కూర్చుని ఎండిన వంకలో ఇసుక తోడి చెలమ తీస్తాడు. పద్నాలుగు మందీ ఒక్కసారి వంగి, చెక్కలతో ఇసుక తోడినట్టు చేస్తుంటే నా పక్కన కూర్చున్న ముసలమ్మలు నిజంగా నీళ్లు పడ్డట్టు నిట్టూర్చారు. జడ్జీగారు మాత్రం 'రామాయణంలో ఇట్టి ఘట్టము లేదు' అని రాసి పాటకు ఇరవై ఎనిమిది ఇచ్చాడు. రాముడు మా తాలూకాలో నడిచి ఉంటే చెలమ తోడక ఇంకేం చేస్తాడని నా నోట్‌బుక్కులో ఆయనకు జవాబు రాశాను. ఆయన చదవలేదనుకోండి, నా కడుపుమంట చల్లారింది.

1976లో వెన్నదొంగ పాట. పాట సాదాసీదా, అంతా ఆట మీద పెట్టుకున్నారు. ఒకరి భుజాల మీద ఒకరు నిలబడ్డారు. అందరికంటే పైన ఎర్రిస్వామి ఉట్టి కొట్టాలి. కుండలో ఉత్తి నీళ్లు పొయ్యండిరా అని నేను చెప్పాను. ఎర్రిస్వామి వింటేనా, నిజం మజ్జిగే పోయించాడు. కొట్టిన దెబ్బకు మజ్జిగంతా వచ్చి మధ్య జడ్జీ శాలువా మీద పడింది. ఆ ఏటి మార్కుల సంగతి అడగొద్దు.

1979లో శనక్కాయ పాట. పీరా మామ కట్టినవాటిలో నాకు ప్రాణం అది.

మొగులు సూసి ఇత్తినాము, మొగులు సూసి తవ్వినాము
మొగులు సూసి సూసి మొగము కడిగినాము

మొగులంటే మబ్బు. మూడో ముక్కలో ఏడుపు అనే మాట లేదు చూడండి. మొహం దేనితో కడిగారో చెప్పలేదు. దానికి అడుగు కూడా అంతే పొదుపుగా పెట్టాడు మామ. చెక్కలు ఆపేసి, ఖాళీ చేతులతో మొహం తుడుచుకుని ఒక్క అడుగు వెనక్కి. చూసినవాళ్లంతా ఏడ్చారు. మాకు మూడో స్థానం వచ్చింది.

ఏ ఏటి కాగితం చూసినా కింద ఒక వాక్యం మారకుండా ఉండేది. 'జట్టులో సగం మంది వీపులు ప్రేక్షకుల వైపున్నవి. పది మార్కులు కోత.' గుండ్రంగా నిలబడి దీపం వైపు చూస్తూ ఆడితే సగం వీపులు జనం వైపు ఉండక ఎటు పోతాయి? గెలిచే జట్లవాళ్లు మాత్రం దీపాన్ని మానేసి, బడిపిల్లల డ్రిల్లులాగా రెండు వరసల్లో నిలబడి జడ్జీల మొహాల్లోకి నవ్వుతూ ఆడేవారు. వాళ్ల పాటలు నేను రాసుకోలేదు, రాసుకునేటంత సరుకు వాటిలో లేదు.

1981 నాటికి రెండేళ్లుగా శనక్కాయ చేతికి రాలేదు. నలుగురు ఆటగాళ్లు పోటీ కాగానే బెంగళూరులో మేస్త్రీ పనులకు పోవడానికి మాట ఇచ్చేశారు. ఆ నలుగురిలో మా జయరాముడు ఒకడు. అంటే జట్టుకు అదే ఆఖరి పోటీ. ఆ సంగతి తెలిసిన రోజు రవిక కుట్టించుకోవడానికి పోతే పీరా మామ మిషన్ ఆపి నాతో అన్నాడు:

"మా గురువు నూరు పాటలు కట్టినాడు పాపా. ఆయప్ప పోయినాక ఒక్కటీ మిగల్లేదు. మాటలు గుర్తుంటే వరస లేదు, వరస గుర్తుంటే మాటల్లేవు. నాది ఒక్కటి రేడియోలో పడితే సాలు. ఒక్కటి మిగిలితే సాలు."

"మాటలు నేను రాసినా గద మామా."

"మాటలు రాసినావు. వరస యాడ రాస్తావు?"

ఈసారి ఎలాగైనా గెలిపించాలని పట్టుపట్టాను. పది మార్కులు వీపుల దగ్గర పోతున్నాయి. 1980లో మొదటి జట్టుకూ మాకూ తేడా ఎనిమిది. ఆ వీపులను తిప్పితే చాలు. పోటీకి నాలుగు రోజుల ముందు మామ దగ్గరకు పోయి చెప్పాను.

"దీపాన్ని స్టేజీ ముందరికి తెచ్చి పెడ్దాం మామా. నెలవంక మాదిరి నిలబడితే దీపం తట్టూ సూసినట్టుంటాది, జడ్జీల తట్టూ సూసినట్టుంటాది."

"గుండ్రం తెగితే భజన తెగుతాది పాపా."

"రేడియో గావాల్నా, గుండ్రం గావాల్నా? ఒకటి చెప్పు మామా."

కటువుగానే అడిగాను. మామ సూదిలోకి దారం ఎక్కించి ముడి వేశాడు. "రేడియోనే గావాల" అన్నాడు.

మూడు సాయంత్రాలు కళ్లంలో సాధన చేశారు. జట్టు నెలవంకగా నిలబడింది. మామ వాళ్లకు ఎదురుగా నిలబడి, తాళాలు వాయిస్తూ, పాడుతూ, అడుగు వేసి చూపించాడు. ఒక్క అడుగు తప్పలేదు. ఒక్క వీపు కనిపించలేదు. నా తెలివికి నేనే మురిసిపోయి ఇంటికి వెళ్లి ఉల్లిపాయ బోండాలు చేసి జట్టుకంతా పెట్టాను.

స్టేజీ మీద మైకు ఒక్కటే ఉంది. దాన్ని ఎడమ మూలన పాతేశారు. పాట ఎత్తుకునేవాడు అక్కడే నిలబడాలి. అదేమీ పెద్ద విషయం కాదనుకున్నాను. మామ పోయి మూలన నిలబడ్డాడు, మా నాయన ఆయన వెనక కూర్చున్నాడు. మొదటి చరణం దాకా బాగానే నడిచింది. రెండో చరణంలో జయరాముడి అడుగు ముందు పడింది. ఆ వెంటనే ఎర్రిస్వామిది వెనక పడింది. ఇక చూసుకోండి, రేకుల మీద వడగళ్లు పడ్డట్టు ఎవరి చెక్క వాళ్లది మోగింది. కదిరప్ప తిరగబోయి పక్కవాడి కాలు తొక్కి మడమ మెలిపెట్టుకుని కూర్చుండిపోయాడు. మామ మాత్రం గొంతు తగ్గించకుండా చివరిదాకా పాడాడు. పాటకు నలభై నాలుగు మార్కులు వచ్చాయి, ఎనిమిదేళ్లలో అంత ఎప్పుడూ రాలేదు. ఆటకు పన్నెండు. వీపులకు కోత లేదు.

స్టేజీ వెనక బస్సు కోసం కూర్చున్నాం. పొద్దు ఇంకా వాలలేదు.

"ఏమైందిరా? కళ్లంలో అంత బాగా ఆడితిరే," అని జయరాముణ్ణి అడిగాను.

"ఎదురు లేకపాయె గదక్కా."

"ఎదురేంది?"

వాడు నన్ను ఒక వెర్రిదాన్ని చూసినట్టు చూశాడు.

"మామ మొదటి దినమే చెప్తాడు. నీ కాళ్లు నువ్వు సూసుకోవద్దు, నీ ఎదురు మనిషి కాళ్లు సూసి అడుగెయ్యి అని. నాకు కదిరప్ప ఎదురు. వాని కాళ్లు కనపడకుంటే నాకు అడుగు పడదు. కళ్లంలో మామ ఎదురుగా ఉన్న్యాడు, సరిపాయె. ఈడ ఎవరుండారు? నడిమి జడ్జీ ఉండాడు. ఆయప్ప కాలు మీద కాలేసుకోని ఊపుతాండాడు. ఆ కాలు సూసి తప్పినా."

"నేనూ ఆ కాలే సూసినా," అన్నాడు ఎర్రిస్వామి.

తీరా చూస్తే అందరూ ఆ ఒక్క కాలే చూశారు. ఒకరి తర్వాత ఒకరు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఎనిమిదేళ్లు బయట కూర్చుని మాటకు మాట, అడుగుకు అడుగు రాసుకున్నదాన్ని, మీరు దేన్ని చూసి ఆడతారని ఒక్కరినీ అడగలేదు. జడ్జీలు చూసేదే నేనూ చూశాను. వాళ్లను అన్నేళ్లు తిట్టుకున్నాను కానీ నేనూ ఆ కుర్చీల్లో మనిషినే. సిగ్గుతో చచ్చిపోయాను.

"నేను చెడగొట్టినా మామా," అన్నాను పీరా మామ దగ్గరకు పోయి.

"రేడియో పోతే పోనీలే పాపా. పాట సరిగ్గా పడకుండానే వీళ్లు ఊరిడిసి పోతారే, అదే నా బాధ." ఆయన లేచి దీపపు సెమ్మెను నేల మీద పెట్టాడు. "రాండప్పా. బస్సొచ్చేలోగా ఒకసారి సరిగ్గా ఆడి పోదాం."

గుండ్రం కట్టారు. కదిరప్ప లేవలేకపోయాడు. జయరాముడికి ఎదురుగా చోటు ఖాళీగా ఉంది.

"కదిరప్ప తావులో నువ్వు నిలబడు పాపా."

మా నాయన చెయ్యి డోలక్ మీద ఆగింది. "ఆడబిడ్డ యాడన్నా ఆడుతాదా మామా?" అన్నారు ఎవరో.

"ఎదురు లేకుండా ఇంకొకసారి చెడాల్నా?" అన్నాడు మామ. కదిరప్పే గజ్జెలు విప్పి నాకిచ్చాడు.

అడుగులన్నీ నాకు వచ్చు. ఎనిమిదేళ్లుగా చూసినవే. ఆ ఏటి పాట రాముడు అడవికి పోయే పాట. 'రాముడే అడిగి రాముడే జవాబు చెప్పుకున్నట్టుంది, బలహీనం' అని నేను రాసుకున్న పాట. బయటికి పద్నాలుగు గొంతులూ ఒకటిగా వినిపించేవి మరి. లోపల నిలబడితే తెలిసింది, ఇటు ఏడుగురు అడుగుతారు, ఎదురు ఏడుగురు చెబుతారు. అడిగేది ఊరు. చెప్పేది పోయేవాడు. బెంగళూరు పోయే నలుగురినీ మామ చెప్పేవాళ్ల వైపే నిలబెట్టాడు.

ఎప్పుడొస్తావు రామా?
వానొస్తే వస్తా.
ఏ దారినొస్తావు రామా?
ఏరొచ్చిన దారినే వస్తా.

జయరాముడి కాళ్లు చూస్తూ అడుగు వేశాను, వాడు నా కాళ్లు చూస్తూ వేశాడు. మూడో ప్రశ్న దగ్గర తలెత్తి వాడి మొహం చూశాను. వాడు నా వీపు మీద పెరిగినవాడు. అడుగు వేశాను కానీ ప్రశ్న అడగలేకపోయాను. నా పక్కవాళ్లు అడగబోతే మామ చేత్తో ఆపాడు. పాట ముందుకు పోలేదు. మామ అదే తాళం మళ్లీ వేశాడు. మా నాయన అదే దెబ్బ మళ్లీ వాయించాడు. అందరూ ఉన్నచోటే అడుగులు వేస్తూ నా కోసం ఆగారు.

"అడుగు పాపా," అన్నాడు మామ. "నువ్వడగకుంటే వాడు చెప్పలేడు."

ఎట్ల గుర్తుపడదుము రామా, అని అడిగాను.

నా అడుగే గుర్తు, అన్నాడు జయరాముడు.

నా నోట్‌బుక్కులో పీరా మామ పాటలు అరవై ఒకటి ఉన్నాయి. నిరుడు వేసవిలో మామ పోయాడు. బడిపిల్లలకు నేర్పుదామని మొన్న ఒక్కొక్కటీ పాడి చూశాను. మాటలు అన్నీ ఉన్నాయి, వరసలు లేవు. సీతమ్మ దాహం లేదు, నాకు ప్రాణమైన శనక్కాయ పాట కూడా లేదు. వరస గొంతులో ఉన్నది ఆ ఒక్క పాటకే, అదీ అడిగే సగమే. చెప్పే సగం ఎన్నిసార్లు పాడినా పక్కకు పోతుంది. అది జయరాముడి దగ్గర ఉంది. వాడు ఊరికి వచ్చినప్పుడు ఇద్దరం పెరట్లో ఎదురెదురుగా నిలబడి పాడుకుంటాం, అప్పుడు మామ అడిగిన ఆ ఒక్కటీ మిగిలినట్టే ఉంటుంది.

నిరుడు వాన రాలేదు. జయరాముడూ రాలేదు.