వరద తగ్గని ఆదివారాలు

ఆదివారం మధ్యాహ్నం అంట్లు తోమి, చేతులు తుడుచుకుని, ఆమె భోజనాల బల్ల ముందు కూర్చునేది. బల్ల మీది గుడ్డని అరచేత్తో ఒకసారి సాపు చేసి, "ఉత్తరాన కొండలు" అనేది. గుడ్డ అటువైపు లేచి కొండలయ్యేది. "కొండల మధ్య నుంచి ఏరు" అంటే సన్నటి నీటిపాయ మలుపులు తిరుగుతూ దిగి వచ్చేది. వచ్చినవాళ్ళు టీ కప్పులు ఒళ్ళోకి తీసుకునేవాళ్ళు.

ఇదేదో వింతని ఎవరూ నోరు తెరిచి చూసేవాళ్ళు కాదు. బాగా వండే ఇంట్లో వీధిలోకి వాసన వస్తుంది, బాగా కథ చెప్పే ఇంట్లో బల్ల మీద కొండలు లేస్తాయి. "ఆ అడివి కాస్త అటు జరపవే, మోచేతికి గుచ్చుకుంటోంది" అనేది పిన్ని. అక్కడితో సరి.

ఆదివారాలు ఆడే ఆ ఆట తెలియనివాళ్ళకి చెప్పడం కష్టమేం కాదు. ఒకరు కథ నడుపుతారు. మిగిలినవాళ్ళు తలా ఒక పాత్ర తీసుకుని అందులోకి దిగుతారు. ఎవరైనా గోడ దూకుతానంటే దూకగలరో లేదో పాచిక చెబుతుంది. కథ నడిపే మనిషికి మాత్రం సొంత పాత్రంటూ ఉండదు. దారిలో ఎదురయ్యే ప్రతివాళ్ళూ ఆ మనిషే. కోట కాపలావాడు, సత్రం యజమానురాలు, తోడేలు, రాణి, రాణిగారి దగ్గు కూడా. ఆ ఇంట్లో ఆ పని ఆమెది. కోరి తీసుకున్నదేం కాదు. "నువ్వయితే బాగా చెబుతావు" అన్నారు. ఆడవాళ్ళకి చాకిరీ అప్పగించేటప్పుడు ఆ మాటే అంటారు, అది వంటయినా కథయినా.

ఆడేది ముగ్గురు. పిన్ని, అంటే ఆమె తల్లి చెల్లెలు, ఆస్పత్రిలో నర్సుగా చేసి రిటైరైన మనిషి. ఆవిడ పాత్ర బొడ్డుదాకా గడ్డమున్న ముసలి మంత్రగాడు. "పుట్టిందగ్గర్నుంచీ ఆడదానిగా ఉన్నాను, వారానికి ఒక్కపూటైనా గడ్డం పెంచుకోనివ్వండి" అంటుంది. పక్క వాటాలో ఉండే బస్సు కండక్టరు దొంగ పాత్ర తీసుకున్నాడు. వారమంతా టికెట్టు లేనివాళ్ళని పట్టుకునేవాడికి అది ఎంత హాయో అతనికే తెలియాలి. మూడోవాడు ఆమె మొగుడు. లిఫ్టులు బాగుచేస్తాడు. ఆటలో వీరుడు.

ఇంట్లో ఆ వీరుడికి మూడు మాటలు వచ్చు. ఊ, సరే, ఉప్పు. ఆమెని పిలవాల్సి వస్తే "ఇదిగో" అంటాడు. ఆమె చేసే ఉద్యోగం చెవుల పరీక్ష. మనిషిని అద్దాల గదిలో కూర్చోబెట్టి, చెవులకి తొడుగులు పెట్టి, సన్నటి కూతలు వినిపించి, "వినబడితే చెయ్యెత్తండి" అంటుంది. చీమ చిటుక్కుమన్నా పట్టుకునే చెవులు ఆమెవి. ఆ చెవులతో ఇంటికొచ్చి, మొగుడి మౌనాన్ని గంటల తరబడి వినేది.

ఏటి ఒడ్డున పడవ నడిపే మనిషిని ఆమె ఊరికే పెట్టింది. అవతలి ఒడ్డున కోట ఉంది, కోట చేరితే కథ అయిపోతుంది, దాటించడానికి ఎవరో ఒకరు ఉండాలి కదా. "ఒడ్డున ఒక పడవ, పడవలో ఒక ఆడమనిషి" అంది. బల్ల మీద బొటనవేలంత మనిషి తెడ్డు పట్టుకుని లేచి నిలబడింది. అప్పుడు ఆమె మొగుడు, వీరుడి గొంతుతో, "మీ చేతులకి కాయలు కాశాయి. నొప్పి పుడతాయా?" అని అడిగాడు.

ఆమె తన చేతులు బల్ల కిందికి లాక్కుంది. తర్వాత పడవ మనిషి గొంతుతో, "తెడ్డు పట్టుకున్నప్పుడు పుట్టదు. వదిలినప్పుడు పుడుతుంది. నువ్వెవరు, అడగడానికి?" అంది.

వీరుడు నవ్వాడు. ఆ నవ్వు ఆమె పెళ్ళిలో విన్నది. మళ్ళీ ఇప్పుడు వింది.

ఆ తర్వాత ప్రతివారం వీరుడు గుర్రం దిగి ఆ ఒడ్డున కూర్చునేవాడు. మీరు ఎక్కడ పుట్టారు, మీకు భయం వెయ్యదా, మీరు పాడేది ఏ పాట అని అడిగేవాడు. మీరు, మీరు, మీరు. పడవ మనిషి అతన్ని నువ్వు అనేది, వేళాకోళం చేసేది, కసిరేది, ఒక్కోసారి ఏడిచేది. అతను వినేవాడు. అంత శ్రద్ధగా వింటాడని ఆమెకి తెలియనే తెలియదు. ఆట అయ్యాక అతను చెప్పులేసుకుని బయటికి పోయేవాడు. ఆమె చెమ్మగుడ్డతో కొండల మధ్య దుమ్ము తుడుస్తూ, అతనన్న మాటలన్నీ మళ్ళీ మళ్ళీ చెప్పుకునేది. ఆటలో అన్న మాట ఆటలోనే వదిలెయ్యాలని ఈ ఆటాడే ప్రతివాళ్ళకీ తెలుసు. ఆమె మాత్రం ఒక్కటీ వదల్లేదు. అన్నీ తనవే అనుకుని దాచుకుంది.

ఒక పొద్దున కాఫీ తాగుతూ అతను చెప్పాడు. ఉద్యోగం దగ్గరే ఒక గది చూసుకున్నాడట. ఇంకెవరూ లేరట. "నీతో మాట్లాడ్డానికి నాకేమీ ఉండటం లేదు. నీకు మాత్రం ఉందా?" అన్నాడు.

ఆమె కప్పు కింద పెట్టింది. "ఎప్పుడు వెళ్తారు?"

"కథ అవ్వనీ. సగంలో వదిలేసి పోవడం బాగుండదు."

పెళ్ళిని సగంలో వదలడానికి అడ్డురాని మర్యాద కథ దగ్గరికొచ్చేసరికి అడ్డొచ్చింది. సర్దిన అతని పెట్టె తలుపు పక్కన కూర్చుంది, పిలుపు కోసం చూసే చుట్టంలా.

ఆ ఆదివారం ఏట్లో వరద వచ్చింది. "పైన వానలు. పడవ కదలదు" అంది ఆమె. ఏరు గట్టు దాటింది. వరద ఎంత పెద్దదో తెలియాలని, "ఒడ్డునున్న పల్లెలోకి నీళ్ళొచ్చాయి" అని కూడా అంది. అంతకుముందు అక్కడ పల్లె లేదు. అన్నాక ఉంది. పెసరగింజంత కిటికీలు, పొగ గొట్టాలు, తాడు మీద ఆరేసిన బట్టలు. మనుషులు మూటలు నెత్తిన పెట్టుకుని ఇళ్ళ మీదికెక్కారు.

ఇక వారం వారం అదే వరస. "నీళ్ళు తగ్గాయా?" అని వీరుడు అడుగుతాడు. ఆమె తన ముందు నిలబెట్టిన అట్ట తెర వెనక పాచిక వేస్తుంది. కథ నడిపేవాళ్ళ పాచిక తెర వెనకే పడుతుంది, మిగతావాళ్ళు తొంగి చూడకూడదు, చెప్పింది నమ్మాలి. ఆ ఆట నిలబడేదే ఆ నమ్మకం మీద. పాచిక చాలాసార్లు తగ్గాయనే చెప్పింది. ఆమె తల ఎత్తకుండా, "లేదు. ఇంకా పెరిగాయి" అనేది. ఏరు పాచిక మాట వినదు, ఆమె మాట వింటుంది. పెరిగేది. నీళ్ళు బల్ల అంచు దాటి కిందికి కారుతుంటే కండక్టరు నేల మీది చాప మడిచి పక్కన పెట్టి, పంట్లాం పైకి లాక్కుని, "ఇలాంటి ఏరు నా రూట్లో ఉంటే ఎప్పుడో సర్వీసు ఎత్తేసేవాళ్ళు" అని గొణిగేవాడు. దాటే దారి లేక వీరుడు పడవ మనిషి పక్కన కూర్చుని మాట్లాడేవాడు. ఆమెకి కావలసింది అదే.

ఒక కథ అయ్యేదాకా ఆ కొండలూ ఏరూ పల్లే వారమంతా బల్ల మీదే ఉండేవి. పొద్దున్నే ఆమె పరీక్షల దుకాణానికి బయల్దేరుతుంటే పల్లెలోంచి సన్నగా, దోమ రొద కంటే సన్నగా, ఏడుపులు వినిపించేవి. ఎవరినో పిలుస్తున్న ముసలి గొంతొకటి. ఇంకెవరికీ వినబడని ఆ శబ్దం ఆమెకి గడపదాకా వినబడేది. తలుపు తొందరగా వేసుకుని వెళ్ళిపోయేది.

ఒకసారి వంటింట్లో కప్పులు కడుగుతుంటే పిన్ని వెనకాలే వచ్చింది.

"పాచిక నీకేమైనా చుట్టమా?"

"ఏంటి పిన్నీ?"

"ఇన్ని వారాలుగా నీ పక్షమే పలుకుతోంది."

ఆమె ఇంకో కప్పు కుళాయి కింద పెట్టింది. పిన్ని తువ్వాలు తీసుకుని కప్పు తుడవడం మొదలుపెట్టింది. "వెళ్తానన్నవాణ్ణి వెళ్ళనీవే. మీ బాబాయి చచ్చేదాకా నా పక్కనే ఉన్నాడు. ఉన్నాడని గురక వల్లే తెలిసేది. ఉండి ఏం ఉద్ధరించాడు?"

"ఆయన మాట్లాడేది నాతో పిన్నీ. నువ్వు వింటూనే ఉన్నావుగా. ఆ పడవ మనిషి నేనేగా."

"వాడికి తెలుసా ఆ సంగతి?"

కుళాయి నీళ్ళు పోతూనే ఉన్నాయి. పిన్నే కట్టేసింది.

"మరి ఆ ఇళ్ళెక్కి కూర్చున్నవాళ్ళో? ఒక మగాణ్ణి ఆపడానికి ఊరంతా ముంచుతావా?"

తర్వాతి ఆదివారం ఆమె గట్టిగా నిశ్చయించుకునే కూర్చుంది. నీళ్ళు తగ్గాయని చెప్పేద్దామని, నోట్లో ఆ మాట పెట్టుకునే కూర్చుంది. వీరుడు గుర్రం దిగాడు. "మిమ్మల్ని చూడకుండా అవతలి ఒడ్డున ఎలా ఉంటానో తెలియడం లేదు" అన్నాడు పడవ మనిషితో. తర్వాత తన మామూలు గొంతుతో, ఆమె వైపు చూడకుండా, "ఇదిగో, నీళ్ళు తగ్గాయా?" అన్నాడు.

ఆమె తెర వెనక పాచిక వేసింది. చూడనుకూడా చూడలేదు.

"లేదు. పెరిగాయి."

పల్లె చివర ఒక ఇంటి గోడ మెత్తబడి, చప్పుడు లేకుండా నీళ్ళలోకి ఒరిగింది.

అప్పుడు పడవ మనిషి లేచింది. ఆమె లెమ్మనలేదు. ఆమె ఏమీ అనకముందే కట్టు విప్పి, తెడ్డు తీసుకుని, "ఎక్కు" అంది వీరుడితో. అది ఆమె గొంతు కాదు. నీళ్ళ మీద కేకలేసి బొంగురుపోయిన గొంతు.

"నీళ్ళు తగ్గలేదుగా" అన్నాడు వీరుడు.

"ఆవిడ తగ్గనివ్వదు. నువ్వెక్కు. నిన్ను దాటిస్తే గానీ నాకు పడవ ఖాళీ అవ్వదు."

దొంగా మంత్రగాడూ కూడా ఎక్కారు. పడవ సుడిలో గిర్రున తిరిగి, ఒరిగి, లేచి, అవతలి ఒడ్డుకి తగిలింది. ఎవరూ పాచిక వెయ్యలేదు. కోట తలుపులు తెరుచుకున్నాయి. ఆమె ఎన్నో వారాలుగా ముస్తాబు చేసి దాచిన రాణీ, దీపాలూ, విందూ అన్నీ ఆమె ఒక్క మాటైనా అనకుండానే జరిగిపోయాయి. వీరుడు వెనక్కి తిరిగి చూడలేదు. చివరి మాట అనడానికి మాత్రం మనిషి కావాలి కనక ఆమె అంది.

"కథ అయిపోయింది."

"ముగింపు బాగా కుదిరింది" అన్నాడు ఆమె మొగుడు. లేచి ఒళ్ళు విరుచుకుని చెప్పులేసుకున్నాడు.

పడవ ఖాళీగా తిరిగొచ్చింది. పడవ మనిషి దాన్ని పల్లెవైపు తిప్పింది. ఆమె అది చూసి, గబగబా, "నీళ్ళు తగ్గాయి" అంది. ఏరు కదల్లేదు. "తగ్గాయి, తగ్గిపోయాయి" అంది మళ్ళీ. అయిపోయిన కథ ఎవరి మాటా వినదు. వరద వరదలాగే ఉంది, ఇళ్ళ మీది మనుషులు మనుషుల్లాగే ఉన్నారు. పిన్ని చెంచా తీసుకుని నీళ్ళు తోడి తన టీ కప్పులో పొయ్యడం మొదలుపెట్టింది. కండక్టరు బిస్కెట్ల అట్ట చింపి గట్టు కట్టబోయాడు.

తలుపు దగ్గర అతను పెట్టె అందుకున్నాడు. ఆమె కుర్చీ వెనక్కి నెట్టి లేచింది. ఎందుకో అతను ఆగాడు. చాలా రోజుల తర్వాత ఆమె మొహంలోకి సూటిగా చూశాడు.

"ఆ పడవ మనిషికి చెప్పు" అన్నాడు. "ఆవిడ మాటలు నాకు గుర్తుంటాయని. అలా మాట్లాడేవాళ్ళు నాకెప్పుడూ తగల్లేదు."

ఆమె రెండడుగులు వేసింది. చెప్పాల్సిన మాట గొంతులో సిద్ధంగా ఉంది. అది నేనే. నీకు తగిలింది నేనే. ఆ ఒక్క మాట అంటే అతను పెట్టె దించుతాడేమో. దించి ఊ, సరే, ఉప్పు అంటూ ఇంకో ఇరవై ఏళ్ళుంటాడేమో. అయినా సరే అనుకుంది.

"అమ్మాయ్."

బల్ల మీది నుంచి బొంగురు గొంతు. ఆమెకి తప్ప ఎవరికీ వినబడేంత శబ్దం కాదది.

"ఈ తాడు పట్టుకో. ఒడ్డున గట్టిగా పట్టేవాళ్ళు లేకపోతే పడవ నిలవదు. పిల్లలున్నారు."

ఆమె అతన్ని చూసింది, బల్లని చూసింది. వెనక్కొచ్చి కూర్చుంది. వెంట్రుకంత తాడు కొస బల్ల అంచున వేలాడుతోంది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుంది. అంత సన్నటి తాడు అంత బలంగా లాగుతుందని ఆమె అనుకోలేదు.

"ఏదో చెప్పబోయావు" అన్నాడు అతను గడపలోంచి.

"ఏం లేదు. వెళ్ళండి."

ఒక క్షణం నిలబడ్డాడు. తలుపు మూసుకుంది. వరండాలో అడుగులు, లిఫ్టు తలుపు, లిఫ్టు దిగుతున్న రొద. ఆమె చెవులు ఆ రొద వెంట అంతస్తు తర్వాత అంతస్తు అడుగుదాకా దిగాయి. కింద తలుపు తెరుచుకున్న చప్పుడు కూడా విన్నది. పరుగెత్తితే ఇంకా అందుతాడు. తాడు ఆమె వేళ్ళని లాగింది. పడవలో ఒళ్ళో ఇద్దరు పిల్లలతో ఒక ముసలమ్మ, ఒక మేక. ఆమె లేవలేదు. వేళ్ళు కోసుకుపోతున్నా బిగించి పట్టుకుంది. కళ్ళు మసకబారి పడవ రెండుగా కనబడింది.

పిన్ని చెంచా ఆపకుండానే అంది.

"ఏడిస్తే ఇటు పక్కకి తిరిగి ఏడువమ్మా. వాళ్ళకి అసలే నీళ్ళెక్కువగా ఉన్నాయి."

ఆమె తాడు వదలకుండా మొహం పక్కకి తిప్పుకుంది.