పాయింట్లతో పచ్‌మఢీ, కేష్‌తో సిక్కిం

తత్కాల్ రద్దీ తగ్గి పన్నెండు కావస్తుండగా అచ్చియమ్మ రిజర్వేషన్ కౌంటర్‌కి వచ్చింది. ఆ హిందీ ఊళ్ళో తెలుగు మహిళా సంఘానికి పెద్ద దిక్కు ఆవిడ, రైల్వే స్కూల్లో టీచరుగా రిటైరైంది. అయినా ముందుకి తోసుకురాకుండా లైన్లోనే నిలబడి, తన వంతు వచ్చాక అద్దం దగ్గరికి వంగి ప్రసూనని అడిగింది.

"ఏటమ్మా, సిక్కిం రానంతన్నావంట?"

ప్రసూనకి అర్థం కాలేదు. రాకపోవడమేంటి, పది రోజుల క్రితమే ఐదువేలు అడ్వాన్సు ఇచ్చాను కదప్పా అంది, ఎప్పుడూ పిలిచే అక్క వరసలోనే.

"నిన్న మీ ఆయనొచ్చాడు. నీ పేరు తీసీమన్నాడు, అడ్వాన్సు కూడా పట్టుకెళ్ళిపోయాడు. నీకు తెలుసనుకుని ఇచ్చీసినాను. సాయంత్రానికే ఆ సీటు వేరేవాళ్ళకి రాసీసినాము."

వెనక ఎవరో విసుగ్గా దగ్గారు. సాయంత్రం వచ్చి మాట్లాడతానని చెప్పి ప్రసూన తర్వాతి ఫారం అందుకుంది. తఖత్‌పూర్ నుంచి వచ్చిన రైతు ఒకాయన కాశీకి నాలుగు టికెట్లు అడుగుతున్నాడు. పేర్లు, వయసులు, బెర్తులు కొట్టింది. పదహారేళ్ళుగా ఆ కిటికీ వెనక కూర్చుని ఊళ్ళోవాళ్ళందర్నీ ఊళ్ళు పంపిస్తున్న మనిషి. జనం ఎన్ని మాటలన్నా మొహం మీద కోపం కనపడనివ్వకపోవడం అలవాటైపోయింది. కానీ ఆవేళ కోపంలో ఒక వయసు తప్పు కొట్టి, మళ్ళీ దిద్దుకుంది.

ఆ కోపం వెనక ఎనిమిదేళ్ళ కథ ఉంది. రాయపూర్‌లో బట్టలు కొనడానికి వెళ్ళినప్పుడు, షాపింగ్ మాల్లో ఒక కుర్రాడు లక్కీ డ్రా చీటీ నింపించుకుని, మూడో రోజు ఫోన్ చేసి, భోజనానికి పిలిచి, స్వర్ణకుటీర్ హాలిడే క్లబ్బులో చేర్పించాడు. ఇరవై ఐదేళ్ళ మెంబర్‌షిప్. ఏటా ఇన్ని పాయింట్లు వస్తాయి, వాటితో దేశంలో ఎక్కడైనా క్లబ్బు గదుల్లో వారం రోజులుండొచ్చు. లోకో షెడ్‌లో ఇంజినీరుగా పనిచేసే జయప్రకాష్ అప్పటికే ఇంటి లోన్ కడుతున్నాడు. అందుకని సంతకం ప్రసూనది, వాయిదాలు ప్రసూన జీతంలోంచి.

పాయింట్లు మాత్రం మొదటి ఏడాది నుంచీ జయప్రకాష్ చేతిలోనే ఉన్నాయి. ఎక్కడికి, ఎప్పుడు, ఎవరితో అన్నీ తనే చూసేవాడు. క్లబ్బు గదుల్లో చిన్న వంటగది ఉంటుంది. అది చూసి అతను మురిసిపోయేవాడు, హోటల్ ఖర్చు మిగులుతుందని. మొన్నటి వేసవిలో పచ్‌మఢీ కొండలకి వాళ్ళన్నయ్య గిరిబాబు కుటుంబంతో కలిపి తొమ్మండుగురు వెళ్ళారు. ప్రసూన ఇంటి నుంచి మూడు కేజీల బియ్యం, కందిపప్పు, పోపుల డబ్బా, కుక్కరు మోసుకెళ్ళింది. ఐదు రోజులూ పొద్దున్న ఉప్మా, మధ్యాహ్నం పప్పన్నం, సాయంత్రం పకోడీలు. జలపాతం చూడ్డానికి అందరూ వెళ్ళినప్పుడు ఆమె కుక్కరు కూత కోసం ఆగింది. తర్వాత వెళ్దామన్నారు. ఆ తర్వాత రానే లేదు. తిరుగు రైల్లో గిరిబాబు, మరదలు చేతి పప్పుచారు తినడానికైనా ఏటా రావాలని నవ్వుతూ అన్నాడు. ఆ మాటకి అందరితోపాటు ఆమె కూడా నవ్వింది. ఆ నవ్వు ఇప్పటికీ ఆమెని గుచ్చుతూనే ఉంది.

అందుకే మహిళా సంఘం వాళ్ళు పద్నాలుగు మంది సిక్కిం టూరు అనుకున్నప్పుడు మొదట పేరిచ్చింది ప్రసూనే. న్యూ జల్‌పాయ్‌గురి దాకా రైలు, ఆమెకి ఎలాగూ పాస్ ఉంది. అక్కణ్ణుంచి బండి, గది, తిండి, కూడా వచ్చే గైడు, అన్నీ కలిపి మనిషికి ముప్పై ఎనిమిది వేలు, కేష్. పొద్దున్న ఎప్పుడు లేవాలో, ఏం చూడాలో, ఎక్కడ తినాలో ఇంకొకళ్ళు చూసుకుంటారు. గరిటె పట్టుకునే పని లేదు.

జయప్రకాష్ వినగానే మొహం చిట్లించాడు. మన దగ్గర పాయింట్లు మూలుగుతుంటే కేష్ ఎందుకు పెట్టాలన్నాడు. క్లబ్బువాళ్ళు ఇప్పుడు గైడు ఉండే గ్రూపు టూర్లు కూడా పాయింట్ల మీద ఇస్తున్నారు, పాయింట్లు వదిలేసి నోట్లిచ్చేవాళ్ళని ఏమనాలి అన్నాడు. ప్రసూన శాంతంగానే చెప్పింది: నాకు తెలిసినవాళ్ళతో వెళ్తాను, నా జీతం పెట్టుకుంటాను. సరే చూద్దాంలే అన్నాడు. ఆ చూడ్డం ఇదన్నమాట.

డ్యూటీ అవ్వగానే ఆటో ఎక్కి లాల్‌ఖదాన్‌లో ఇంటికొచ్చింది. జయప్రకాష్ పొద్దుటి షిఫ్టు ముగించుకుని వచ్చి టీ తాగుతున్నాడు. ఆమె మొహం చూసి కూడా నవ్వాడు.

"అప్పుడే తెలిసిపోయిందా? సర్‌ప్రైజ్ ఇద్దామనుకున్నాను. మనిద్దరికీ పాయింట్ల మీద సిక్కిం బుక్ చేసీసినాను. ఒక్క రూపాయి పెట్టక్కర్లేదు."

"బుక్ చేస్తే ఓటీపీ నా ఫోన్‌కి వస్తుంది కదా."

"వచ్చింది. నువ్వు స్నానానికెళ్ళావు, నేనే చూసి కొట్టీసినాను. ఏటయింది ఇప్పుడు? మనిద్దరిదీ కదా."

"మనిద్దరిదీ అయితే నన్నెందుకు అడగలేదు?"

జయప్రకాష్ కప్పు కింద పెట్టి, చాలా మామూలుగా, "అడిగితే నువ్వు ఒప్పుకోవు కదా" అన్నాడు.

అబద్ధం చెప్పినా ఆమెకి అంత కోపం వచ్చేది కాదేమో. అతను నిజమే చెప్పాడు, అందులో తనకి తప్పేమీ కనపడకుండానే చెప్పాడు. ప్రసూన చెయ్యి చాపింది. అతను చొక్కా జేబులోంచి ఐదువేలు తీసి ఇచ్చాడు. తర్వాత అతని ఫోన్ అడిగి, అందులో ఉన్న బుకింగ్ కాగితం మొదటి నుంచి చివరిదాకా చదివింది. షరతులు చదవడం ఆమెకి రోజూ ఉన్న పనే. ఈ ఏడాది పాయింట్లు చాలక వచ్చే ఏడాదివి కూడా ముందే లాగేసుకున్నారు. అవి గదికి మాత్రమే. బండికి, గైడుకి, తిండికి అక్కడికెళ్ళాక విడిగా కట్టాలి. ఇరవై మంది చేరకపోతే టూరు ఉండదు, అవే పాయింట్లకి క్లబ్బుకి ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ గది ఇస్తారు. వద్దనుకుంటే పాయింట్లు పోతాయి.

"చదివారా ఇది?"

కింద చిన్న అక్షరాలు ఎవరు చదువుతారని అతను అన్నాడు. ఆ రోజు నుంచి ప్రసూన అతనితో మాట్లాడటం మానేసింది. వంట చేసేది, బల్ల మీద పెట్టేది, డ్యూటీకి పోయేది. జయప్రకాష్ రెండు రోజులు బతిమాలాడు, మూడో రోజు తనూ బిగుసుకుపోయాడు. పాయింట్లు వాడినందుకు పెళ్ళాం అలిగిందని షెడ్‌లో చెప్పుకుంటే, అందరూ అతని పక్షమే మాట్లాడారట.

పన్నెండో రోజున క్లబ్బు నుంచి మెసేజ్ వచ్చింది. సిక్కిం గ్రూపు నిండలేదు. మీ పాయింట్లకి పచ్‌మఢీలో వంటగది ఉన్న గది కేటాయించడమైనది.

ప్రసూన ఫోన్ అతని ముందు పెట్టింది. జయప్రకాష్ చదివి, పోనీలే, పాయింట్లు పోవడం కన్నా నయమే కదా, అన్నయ్యావాళ్ళని కూడా రమ్మందాం అన్నాడు.

ఆమె చేతిలో అప్పుడు పప్పు గిన్నె ఉంది. దాన్ని జాగ్రత్తగా గట్టు మీద పెట్టి, పొయ్యి ఆర్పేసి, "ఆదివారం క్లబ్బువాళ్ళ మీటింగుంది. నువ్వూ రా" అంది. పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో ఆమె అతన్ని నువ్వు అనడం అదే మొదటిసారి.

ఆదివారం పదకొండింటికి ఊళ్ళో ఒక హోటల్ హాల్లో మీటింగు. పాత మెంబర్లని, కొత్తగా చేరబోయేవాళ్ళని పక్కపక్క బల్లల దగ్గర కూర్చోబెట్టారు. దిలీప్ అనే సేల్స్ మేనేజరు ప్రసూన గొడవంతా తలూపుతూ విని, కంగారు పడొద్దన్నాడు. మెంబర్‌షిప్ ఒక మెట్టు పెంచుకుంటే ఇలాంటివి జరగవన్నాడు. ఇంకో లక్షా ఎనభై వేలు కడితే టూర్లలో మొదటి అవకాశం మీదేనన్నాడు. జయప్రకాష్ ఆ కాగితం అందుకుని నిజంగానే చదవడం మొదలుపెట్టాడు. అది చూసి ప్రసూన ఒళ్ళు మండిపోయింది.

పక్క బల్ల దగ్గర కొత్త జంట కూర్చుని ఉంది. అబ్బాయి సాయిచరణ్, బొగ్గు కంపెనీలో ఉద్యోగమొచ్చి కరీంనగర్ నుంచి వచ్చాడు. భార్య మైత్రి బ్యాంకులో చేస్తుంది. ఈ ఊళ్ళోనే సర్కండాలో అద్దెకుంటున్నారు. వాళ్ళ ముందు ఫారం, పెన్ను ఉన్నాయి. తెలుగువాళ్ళని తెలిసి దిలీప్‌కి ఒక ఆలోచన వచ్చింది. ఈ మేడమ్ మా పాత మెంబరు, ఎనిమిదేళ్ళుగా ఏటా టూర్లకి వెళ్తున్నారు, మీ భాషలోనే అడగండి అని వాళ్ళని ఇటు తిప్పాడు.

మైత్రి మొహమాటంగా అడిగింది. "పాయింట్లతో గ్రూప్ టూర్ నిజంగనే పోవచ్చా అక్కా? లేకుంటే పైసలు పెట్టి పోవుడే మంచిదా?"

జయప్రకాష్ బల్ల కింద ప్రసూన చెయ్యి పట్టుకున్నాడు. ఆమె విడిపించుకుంది.

"నాకు జరిగింది చెప్తానమ్మా, తర్వాత మీ ఇష్టం. ఎనిమిదేళ్ళలో ఐదు సార్లు వెళ్ళాను. ఐదు సార్లూ వంట చేశాను. ఎక్కడికి వెళ్తావని నన్ను క్లబ్బూ అడగలేదు, మా ఆయనా అడగలేదు. పాయింట్లున్నాయి కాబట్టి వెళ్ళాలి, గది ఎక్కడుంటే అక్కడికే వెళ్ళాలి. ఈసారి నా డబ్బుతో నా స్నేహితులతో వెళ్దామనుకుంటే, ఆ పాయింట్ల కోసం నా పేరు కొట్టేశారు. పైసలు నీ చేతిలో ఉంటే ఎటు పోవాలో నువ్వు చెప్తావు. పాయింట్లయితే అవే నీకు చెప్తాయి."

ఆమె గొంతు పెంచలేదు. కౌంటర్ అద్దం అవతలికి వినపడాలని మాట్లాడే గొంతే అది. అది హాలంతా వినిపించింది. నాలుగు బల్లల అవతల కూర్చున్నవాళ్ళు కూడా ఇటు తిరిగారు. దిలీప్‌కి తెలుగు రాకపోయినా మొహాలు అర్థమయ్యాయి. మేడమ్ జీ, మనం లోపల మాట్లాడుకుందాం అని లేచాడు. ప్రసూన కదల్లేదు. పచ్‌మఢీ గది రద్దు చేయమని, పాయింట్లు పోతే పోనివ్వమని, ఇకనుంచి ఏడాది ఫీజు కూడా కట్టనని కాగితం మీద రాసి, అతని చేత అందినట్టు సంతకం చేయించుకుంది. ఆమె లేచేసరికి మైత్రి పెన్నుకి మూత పెట్టేసింది.

బయట స్కూటర్ దగ్గర జయప్రకాష్ పేలాడు. నలుగురిలో పరువు తీశావన్నాడు. ఎనిమిదేళ్ళ డబ్బు నీళ్ళలో పోసీసినావన్నాడు. ప్రసూన అతనికన్నా గట్టిగా అంది.

"అచ్చియమ్మప్ప ఇంటికెళ్ళి నా పేరు తీయించినప్పుడు నా పరువేటయింది? నేను చిన్నపిల్లనా? నేను కూడా ఈ ఊళ్ళో ఉద్యోగం చేసుకుంటున్న మనిషిని. వెళ్ళి, తీయించిన చోటే మళ్ళీ రాయించు. అప్పటిదాకా నాతో మాట్లాడకు."

నాలుగు రోజులు అతను కదల్లేదు. ఐదో రోజు సాయంత్రం, వెళ్దాం పద అన్నాడు.

అచ్చియమ్మ ఇంటి ముందుగదిలో టూరు సంగతులు మాట్లాడుకుంటూ ఆరుగురు ఆడవాళ్ళు కూర్చున్నారు. జయప్రకాష్ గుమ్మంలోనే నిలబడ్డాడు. షెడ్‌లో ముప్పైమంది మీద అజమాయిషీ చేసే మనిషి, నేల చూస్తూ, "పొరపాటయిపోయిందండి. దాని పేరు మళ్ళీ రాయండి" అన్నాడు.

అచ్చియమ్మ పుస్తకం తెరవబోయింది. ప్రసూన ఆవిడని ఆపి, భర్త వైపు తిరిగి, నలుగురి ముందు మళ్ళీ మీరు అనే అంది.

"పొరపాటు కాదు. తెలిసే చేశారు. అదే చెప్పండి."

ఎవరూ అతనివైపు చూడలేదు. జయప్రకాష్ చెవులు ఎర్రబడ్డాయి. వెనక్కి తిరిగి వెళ్ళిపోతాడనే అనుకుంది ప్రసూన. వెళ్ళిపోతే ఏం చేయాలో కూడా మనసులో అనుకుంది.

"తెలిసే చేశాను" అన్నాడు చివరికి, వినీ వినపడనట్టు.

సీట్లు నిండిపోయాయి. అచ్చియమ్మ అక్కడికక్కడే టూరువాళ్ళకి ఫోన్ చేసి గంటసేపు వాదించింది. బండిలో ఆఖరి వరసలో ఒక సీటు ఇస్తామన్నారు, ఆలస్యమైంది కాబట్టి రెండువేలు ఎక్కువన్నారు. ప్రసూన మొత్తం నలభై వేలూ మర్నాడు తన అకౌంటులోంచే కట్టేసింది.

టూరులో గైడు రోజ్లిన్ అనే ముప్పై ఏళ్ళ అమ్మాయి. పొద్దున్నే పదిహేను మందినీ లెక్కపెట్టుకుని బండెక్కించేది. ఆఖరి వరసలో కుదుపులు ఎక్కువే, ప్రసూనకి నడుం పట్టేసింది. అయినా ఏ రోజూ ముందుకి మారతానని అడగలేదు. ఆ సీటు తనది.

నాలుగో రోజు పొద్దున్న గాంగ్‌టక్ హోటల్లో టిఫిన్ బల్ల ముందు కూర్చుని ఉండగా జయప్రకాష్ ఫోన్ చేశాడు. అక్కడ చలి ఎలా ఉందని, మందులు వేసుకుంటున్నావా అని అడిగాడు. తర్వాత, "ఇంకా కోపమేనా?" అన్నాడు.

"అవును."

"ఎప్పటికి తగ్గుద్ది?"

తగ్గిందని చెప్పేస్తే అతను తేలిగ్గా ఊపిరి పీల్చుకుంటాడు, ఆమెకి తెలుసు. ఇన్నేళ్ళూ అలాగే చెప్పేసింది.

"తెలీదు" అంది. "తగ్గినప్పుడు నేనే చెప్తాను. మీరు అడగొద్దు."

సరే అన్నాడతను. ఏం తిన్నావని అడిగితే వేడివేడి ఆలూ పరాఠా అని చెప్పి ఫోన్ పెట్టేసింది. రోజ్లిన్ గుమ్మంలో నిలబడి, బండి బయల్దేరుతోంది, స్వెట్టర్లు మర్చిపోకండి అని పిలుస్తోంది. ప్రసూన తిన్న ప్లేటు బల్ల మీదే వదిలేసి లేచింది.