వెంట్ ఆఫ్ అంటే

గుడ్లు పొదిగే గది తలుపు తీయగానే వేడి మొహం మీద కొట్టింది. సూపర్‌వైజరమ్మ ట్రేలోంచి ఒక గుడ్డు తీసి చెవికి ఆనించుకుంది. పొద్దున లోపల్నుంచి టకటకా పొడిచిన ముక్కు చప్పుడు ఇప్పుడు లేదు. ఇంకోటి తీసింది. అదీ మూగదే. రేపటికి కోడిపిల్లలు కావలసిన గుడ్లన్నీ గది నిండా ఉడికిపోయాయి.

"ఫ్యాను ఆగిపోతే చూసే దిక్కే లేదా?" హేచరీ ఓనరు కేకలకు షెడ్డు అదిరింది. "డ్యూటీలో ఉన్నదెవడు? నీ తమ్ముడేగా!"

తమ్ముడు గుమ్మంలో నీళ్లు నమిలాడు. "లారీలోంచి ట్రేలు దింపుతున్నానండీ. ఇంజను రొదలో అలారం వినపడలేదు."

"చెవుల్లో దూది పెట్టుకున్నావా? నీకిక్కడ ఇవాళే ఆఖరు!"

వాణ్ణి లారీ దగ్గరికి పంపింది సూపర్‌వైజరమ్మే. నా పరువు తీయకురా అని వాణ్ణి పనిలో పెట్టిందీ తనే.

ఓనరుకు మరో సంగతి తట్టింది. "పొదిగే మిషను కంపెనీవాడు వాడి ఊళ్లోంచే కంప్యూటర్లో అంతా చూస్తుంటాడుగా! వాడేం చేస్తున్నాడు? ఫోన్ కలుపు దొరసానీ, దులిపి పారేయ్!"

హేచరీ మొత్తంలో ఇంగ్లీషు వచ్చింది ఆమెకొక్కదానికే. అందుకే దొరసాని. ఆ పిలుపుకు లోలోపల మురిసిపోయేది కూడా.

ఫోన్ స్పీకర్‌లో పెట్టి, అలారం సంగతి ఎందుకు చెప్పలేదని ఇంగ్లీషులోనే దబాయించింది.

"చెప్పాను కదా మేడమ్," అవతలి గొంతు బిత్తరపోయింది. "మధ్యాహ్నం మీకే ఫోన్ చేసి, అలారం వెంట్ ఆఫ్ అన్నాను. మీరు థాంక్యూ అన్నారు."

అన్నది. పొద్దున్నుంచి ఊరికే మోగి చంపుతున్న అలారం ఎట్టకేలకు ఆఫ్ అయిందని ఊపిరి పీల్చుకుని, నిమ్మళంగా ఇంట్లో అన్నం ముందు కూర్చుంది.

"ఆగిపోయిందనే కదా మీరు చెప్పింది?"

"కాదు మేడమ్. వెంట్ ఆఫ్ అంటే మోగిందని."

ఒక్క మాట. తెలియకపోతే అడగాల్సింది. అడిగితే చులకనైపోతానని ఎన్నడూ ఎవరినీ అడగలేదు.

"ఏమంటున్నాడు?" ఓనరు మీదికొచ్చాడు. "చెప్పానంటున్నాడా? ఎవరికి? నీ తమ్ముడికేనా?"

తల ఊపితే చాలు. అక్కడున్న ఇంకెవరికీ ఆ భాష రాదు. తమ్ముడు అప్పుడే టోపీ తీసి మేకుకు తగిలిస్తున్నాడు. అక్క వైపు చూడటం లేదు.

"వాడికి కాదండీ." ఆమె ఓనరుకు ఎదురుగా నిలబడింది. "నాకు చెప్పాడు. నాకే అర్థం కాలేదు. గుడ్లన్నిటినీ చంపింది వాడు కాదు, నేను."